మామ దగ్గితే లేచే కాలు

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలంటరు. ఆ మాటన్న పెద్దలెవరో గానీ, ద్రాక్షతోట కాలువల ఎన్నడూ కాలు పెట్టినట్టు లేదు. నాకు ఒక్కదినమే రెండూ జారినయి. నోరు జారింది పొద్దుమూకేసరికి అందరూ మర్చిపోయిన్రు. కాలు జారింది మాత్రం ఏండ్లకేండ్లు నా ఎంబడి నడిచింది.

అలియాబాద్ దాటినంక లోపలికి మాకు ద్రాక్షతోట ఉండె. తొంభైలల్ల మేడ్చల్ దిక్కు పోయినా, శామీర్‌పేట దిక్కు పోయినా ద్రాక్షపందిర్లే. మనిషెత్తు కంటె జరంత ఎక్కువ రాతికడీలు పాతి, మీద తీగెలు గుంజి, వాటి మీదికి ద్రాక్షను పాకిస్తరు. కింద నడుస్తుంటే నెత్తికి గుత్తులు తగులుతుంటయి. చూసేటోళ్లకు మస్తు సంబురం, చేసేటోళ్లకు మెడనొప్పి. మా ఇంటాయనకు తోట మీద మనసు లేకుండె, కొంపల్లి దిక్కు ప్లాట్ల దందాల పడ్డడు. తోటను నేనూ మా మామా చూసుకుంటుంటిమి. మేడ్చల్ల మా అమ్మగారిది గూడ ద్రాక్షే, అందుకే ఆ పని నాకు కొత్త కాదు. ఏ కొమ్మ కాస్తది, ఏది ఉత్తగ పెరుగుతది, ఎక్కడ కత్తెర పెట్టాలె, నాకు తెలుసు. మామకు గూడ తెలుసు. తెలుసన్న సంగతి మాత్రం ఒకరికొకరం ఎన్నడూ చెప్పుకోలే.

ఆ ఏడు కోతకొచ్చిన బేరగాడు పండిందీ పండందీ చూడకుండ కూలోళ్లతోని కోయిస్తున్నడు. పుల్లటి కాయ పట్నంల అమ్మి మా తోట పేరు చెప్తవా అని నేను మొదలుపెట్టిన. నెత్తి మీద నిండు ట్రే, నోట్ల తిట్లు, కండ్లు వాని మీద. ఇగ కాలు ఎక్కడ పడుతదో ఎవరు చూడాలె? నీళ్లు పారిన కాలువల పడ్డది. పాదం లోపలికి మడతపడి, కాలి గిలక దగ్గర, గదే చీలమండ అంటరు గద, అక్కడ టక్కుమన్నది. గుత్తులన్ని బురదల పడ్డయి. బేరగాడు ఉరికొచ్చి లేపబోతే, లేపినందుకు గూడ తిట్టిన.

అత్త పసుపు సున్నం పట్టేసి, ఉప్పుమూటతోని కాపింది. వాపు తగ్గింది. మేడ్చల్ల ఎక్స్‌రే తీయిస్తే ఎముక బాగనే ఉందన్నరు. ఎముక బాగుంటే కాలు బాగున్నట్టే అని ఇంట్ల అందరూ ఖాయం చేసుకున్నరు. నొప్పికి గా సంగతి తెల్వదు కద, అది ఉన్నకాడనే ఉన్నది. పొద్దుగాల మంచం దిగి అడుగేస్తే లోపల ఏదో ఇరుక్కున్నట్టు పొడిచేది. గట్టి నేల మీద నడిస్తే జర నయం. తోటల దున్నిన మన్ను మీద నడిస్తే మాత్రం సాయంత్రానికి గిలక ఉబ్బి పట్టీ బిగుతయ్యేది.

నొప్పి బయటికి కనపడకపోతే అంతకంటె పెద్ద పాపం లేదు. చెయ్యి ఇరిగితే కట్టు చూసి అయ్యో అంటరు. నాకు అయ్యో అన్నోళ్లు లేరు. చుట్టపోళ్లు నేను వినేటట్టే, ఇంటామెకు పని తప్పించుకునే బహానా దొరికిందన్నరు. నాకు కోపమొచ్చేది. కోపమొస్తే ఇంకింత పని చేసేదాన్ని. పని చేస్తే ఇంకింత నొస్తది. ఇట్ల కోపానికీ నొప్పికీ నడుమ నా కాలు అరిగింది.

ఇప్పుడు మా మామ సంగతి చెప్పాలె, ఎందుకంటే ఆయన లేకుంటే ఈ కాలు కథ లేదు.

మామ ఊరికి పెద్దమనిషి. గెట్టు తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు, అన్నీ మా ఇంటి ముందటి సాయబాన్ల, గదే వసారల, కూసోనే తెగుతుండె. తెల్లధోతి, భుజమ్మీద తువ్వాల, తక్కువ మాట. నేను పెండ్లయి వచ్చిన కొత్తల అత్త మొదలు నేర్పింది గిదే: మామ ఇంట్లకొస్తే లేచి నిలబడాలె, ఆయన ముందు కూసోవద్దు, పెద్దల దిక్కు కాళ్లు చాపొద్దు. మామ గూడ మర్యాద తెలిసిన మనిషి. తలుపు కడప అవతలనే ఒకసారి దగ్గుతుండె. జలుబు లేదు, పడిశం లేదు. నేనొస్తున్న, సదురుకోండ్రి అని ఆ దగ్గుకు అర్థం. అది చెవుల పడంగనే నేను కొంగు సదురుకొని లేస్తుంటి. కూరగాయలు తరుగుతున్నా లేస్తుంటి, అన్నం తింటున్నా లేస్తుంటి. ఒకసారి జ్వరమొచ్చి ఒళ్లు తెల్వకుండ పడుకున్నప్పుడు గూడ ఆ దగ్గు వినపడంగనే లేచి నిలబడి మల్ల పడ్డనట. అత్త చెప్పి చెప్పి నవ్వేది.

మామ నాతోని నేరుగా మాట్లాడడు. నేను ఎదురుంగ నిలబడి ఉన్నా, కోడలు పిల్లకు చెప్పు అని అత్తకు చెప్తడు. అత్త నా దిక్కు తిరిగి అదే మాట మల్ల చెప్తది. నేను అత్తకు జవాబు చెప్తె, ఆమె మల్ల మామకు చెప్తది. ముగ్గురం ఒక్క అర్రల ఉండి గిట్ల ముచ్చట పెట్టుకుంటుంటిమి. బయటోళ్లు చూస్తే నవ్వుతరు గానీ, మాకు గందుల వింత కనపడలే.

రెండువేలు దాటినంక శామీర్‌పేట రోడ్డుకు రెండు దిక్కులా తోటలు తీసేసి ప్లాట్ల రాళ్లు పాతుడు మొదలైంది. మా పక్క తోట పోయింది, దాని పక్కది పోయింది. మా ఇంటాయన గూడ అన్నడు, నీకు నడవరాదు, నాయినకు వయసైంది, ఇంకెవరి కోసం ఈ తోట అని. చెడ్డగ అనలే, నా మీద పావురంతోనే, ప్రేమతోనే అన్నడు. గానీ నాకు గుండెల కలుక్కుమన్నది. నా కాలు బాగుంటే ఆ మాట రాకపోవు. గిది మంచిగ కావాలె, లేకుంటే ఆ పందిరి ఉన్న నేల మీద నడిచేది ఇగ నేను కాదు, బండ్లు. సికింద్రాబాద్‌ల పెద్ద డాక్టర్‌కు చూపియ్యుమని ఆ రోజే పట్టుపట్టిన.

ఆ డాక్టర్ పాదాన్ని అటుతిప్పి ఇటుతిప్పి, నన్ను సొరంగమసొంటి మిషన్ల పండుకోబెట్టి లోపలి ఫోటోలు తీయించిండు. ఎక్స్‌రేల ఎముక తప్ప గుజ్జు కనపడదని చెప్పిండు. గిలక లోపల ఒక ఎముక మీద ఇంకో ఎముక కూసుంటదట. రెంటి నడుమ అద్దమంత నున్నగ గుజ్జుపొర ఉంటదట. నాకు కాలువల కాలు మడతపడ్డప్పుడు ఆ పొర గోరంత మేర లేచిపోయిందట. ఇన్నేండ్లు ఆ లేచిన ముక్క మీదనే నేను తోటంత తిరిగిన.

నేను ఏడ్చిన. డాక్టర్ నొప్పి అనుకున్నడు. నొప్పి కాదు సారూ, ఇన్నేండ్లకు ఒక మనిషి నాకు నిజంగనే నొప్పి ఉందన్నడు, గందుకు ఏడుస్తున్న అని చెప్పిన. పక్కనున్న మా ఇంటాయన తల దించుకున్నడు. ఆయన తప్పు గూడ కాదులే, ఎక్స్‌రే చూసి ఊరంత నమ్మింది, ఆయనొక్కడు నమ్మకుండ ఎట్లుంటడు?

ఆపరేషన్ ఎట్ల చేస్తడో డాక్టర్ ఇడమరిచి చెప్పిండు. గిలకకు రెండు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్ల నుంచి సన్నటి కెమెరా, ఇంకోదాంట్ల నుంచి పనిముట్టు పంపుతరు. లేచిపోయిన పొరను గీకి తీసేసి, కింద ఎముకకు సన్నగ పోట్లు పెడ్తరు. ఎముక లోపలి రక్తం ఊరి అక్కడ గడ్డకడ్తది. ఆ గడ్డనే మెల్లమెల్లగ కొత్త గుజ్జు అవుతది. పుట్టుకతోని వచ్చినంత గట్టిది కాదట, గానీ మంచిగ పడితే నడిపిస్తదట. అది పట్టాలంటె ఆరువారాలు ఆ పాదం భూమికి ఆనొద్దు, కూసున్నా పండుకున్నా గుండె కంటె ఎత్తుల మెత్తల మీద, గదే దిండ్ల మీద, పెట్టుకోవాలె.

తోడేసిన పాలకుండ కదపొద్దంటరు, గట్లనా అని అడిగిన. డాక్టర్ నవ్వి, అచ్చం గట్లనే అన్నడు. నవ్వు ఆపినంక ఇంకో మాట గూడ చెప్పిండు. ఈ తోడు చెడితే రెండోసారి పడుడు కష్టమట. అప్పుడు గిలకను కదలకుండ బిగించేసుడే మిగుల్తది. నడుస్తవు గానీ సాపు నేల మీదనే, తోటల కాదు అన్నడు. ఆ మాట నా చెవుల గట్టిగ కూసున్నది.

బోనాలైపోయినంక ఆపరేషన్ అయ్యింది. నడుముకు సూదేసిన్రు, కింది సగం నాది కాకుండ పోయింది. కెమెరా బొమ్మ పక్కన టీవీల కనపడుతుండె. నా గిలక లోపలిది నేను కండ్లార చూసిన. తెల్లగ నున్నగ ఉంది, ఒక్కకాడ మాత్రం గోడకు సున్నం పెచ్చు లేచినట్టు ఉంది. గింత దానికా ఇన్ని మాటలు పడ్డ అనుకున్న.

ఇంటికొచ్చినంక నన్ను ముందటి అర్రల ఏసిన్రు. కమోడ్ ఉన్న బాత్‌రూం దానికే ఆనుకొని ఉంది, అందుకని. మూడు మెత్తలు పేర్చి కాలు వాటి మీద పెట్టి, చంకకర్రలు మంచానికి ఆనిచ్చి, అత్త చారు కలిపి తినిపిస్తుంది. అప్పుడు సాయబాన్ల నుంచి దగ్గు వినపడ్డది.

నేనేం ఆలోచించలే. ఆలోచిస్తే ఆగుదును. కొంగు నెత్తి మీదికొచ్చింది, కాలు మెత్తల మీదికెల్లి దిగింది, నేను రెండు కాళ్ల మీద నిలబడి ఉన్న. నొప్పి నెత్తికెక్కినంక తెలివొచ్చింది. మామ తలవంచుకొని లోపలికి పోయిండు, ఎప్పటిలెక్కనే. ఆయన నన్ను చూడడు కద, నిలబడ్డ కోడలు గోడకున్న క్యాలెండర్ అసొంటిది. అత్త చేతిల ముద్ద ఆగిపోయింది. కూసో పిల్లా, కూసో అని కాలు పట్టుకొని మల్ల పైకి పెట్టింది.

ఇగ రేపటినుంచి లేవ అని ఒట్టు పెట్టుకున్న. పొద్దుగాల దగ్గు వినపడ్డది, లేచిన. మధ్యాహ్నం వినపడ్డది, సగం లేచి కూసున్న. నా ఒంట్ల మనిషి వేరు, ఒట్టు పెట్టుకున్న మనిషి వేరు. గీ సంగతి డాక్టర్ నాకు చెప్పలే, చెప్పేటందుకు ఆయనకేం తెలుసు, ఆయన మామ దగ్గడు కద.

మామ ఒక్కడే అయితే ఎట్లనో గడిచేది. పెద్దమనిషి కోడలికి ఆపరేషన్ అయ్యిందంటె ఊరూరంత వచ్చింది. బ్రెడ్డు పాకిట్లు, బత్తాయిలు, చెరువుల పట్టిన చేపలు. చేపలు తింటె కుట్లు చీము పడ్తయని ఒకామె, చేపలే తినాలని ఇంకొకామె, నా మంచం కాడ పంచాయితీ పెట్టిన్రు. అంత మంచి మనసుతోనే వచ్చిన్రు పాపం. గానీ వచ్చినోళ్లల్ల పెద్ద వయసోళ్లే ఎక్కువ. నా మంచం గుమ్మానికి ఎదురుంగ ఉంది. మెత్తల మీద కాలు అంటె వచ్చిన ముసలాయన మొఖానికి నా పాదం చూపించినట్టు. ఎవరొస్తె వాళ్లకు కాలు కిందికి దించుకుంటుంటి, వాళ్లు పోయినంక ఎత్తుకుంటుంటి. ఒకరోజు దించడం జర ఆలస్యమైంది. వచ్చిన పెద్దామె ఏం అనలే. బయటికి పోయినంక మాత్రం, పట్నం ఆపరేషన్ అయితె పట్నం తీరు గూడ వస్తదేమో అన్నది. నాకు వినపడాలనే అన్నది, వినపడ్డది. తెల్లారి నుంచి చెప్పుల చప్పుడు వింటెనే కాలు దించుకున్న.

కుట్లు చూసే రోజొచ్చింది. మా ఇంటాయన జీపు తీసిండు. మామకు గూడ పట్నంల ఏదో పని ఉండె, ముందు సీట్ల కూసున్నడు. 

డాక్టర్ కట్టు విప్పి చూసి మొఖం చిట్లించిండు. తగ్గాల్సిన వాపు తగ్గలే, గిలక గరంగరంగ ఉంది. కాలు కింద పెడుతున్నవా అని అడిగిండు. లేదు సార్ అన్న. ఒక్కసారి గూడనా? ఒక్కసారి గూడ లేదు సార్ అన్న. ఏం చెప్పాలె, మా మామ వస్తె లేస్తున్న అని పట్నం డాక్టర్‌కు చెప్తరా ఎవరన్న? ఆయన కుర్చీల ఎనకకు ఒరిగి, మరి వాపు ఎందుకున్నదో నాకు సమజైతలేదన్నడు.

అప్పుడు తలుపు అవతల మామ దగ్గిండు.

నేను పరీక్ష చేసే ఎత్తు బల్ల మీద కూసోని ఉన్న. కట్టు లేదు, చెప్పు లేదు. బల్ల మీదికెల్లి జారి, కొంగు సదురుకొని, ఆ సల్లటి బండల మీద రెండు కాళ్లతోని నిలబడ్డ. మామ తలుపు తెరిచిండు.  డాక్టర్ నా పాదం దిక్కు చూస్తున్నడు, మా ఇంటాయన నా దిక్కు చూస్తున్నడు. ఎన్నడూ నన్ను చూడని మామ, మొదటిసారి తల వంచుకోకుండ నా కాలు చూసిండు.

డాక్టర్‌కు కోపం రాలే, అదే నాకు ఇంకా సిగ్గయ్యింది. ఆయన మెల్లగ లేచి నన్ను బల్ల మీద కూసోబెట్టి, మామకు వినపడేటట్టు చెప్పిండు. అయిందేందో అయింది, తోడు పూర్తిగ ఇరిగిందో లేదో ఇప్పుడే చెప్పలేను. ఈ రోజు నుంచి ఆరువారాలు మల్ల మొదటికెల్లి. ఈసారి గూడ గిట్లనే అయితె నా చేతుల ఏం లేదు అన్నడు. మామ ఏ పని మీద తలుపు తెరిచిండో ఆ పని గూడ చెప్పకుండ బయటికి పోయిండు.

తిరిగొస్తుంటె శామీర్‌పేట చెరువు కట్ట దాటినం. అలియాబాద్ దగ్గర మామ జీపు ఆపుమన్నడు. ఇంటి కాడ కాదు, తోట తొవ్వకు. దిగి, పరుపు, చెంబు తోటకు పంపుమని కొడుకుతోని చెప్పి, మోటరు కొట్టం దిక్కు నడిచిపోయిండు. ఆ రోజు ఇంటికి రాలే. తెల్లారి రాలే. ఇగ వచ్చేది లేనట్టు అక్కడనే ఉన్నడు.

నాకు మండింది. సిగ్గు కాసేపే ఉంటది, తర్వాత కోపమైతది. డాక్టర్ ముందు పరువు తీసిన అని అలిగిండనుకున్న. నేనేం చేసిన? నిలబడ్డ. నిలబడితె గూడ తప్పేనా? కూసుంటె తప్పు, నిలబడితె తప్పు, మరి నేను గాలిల వేలాడాల్నా? గిదంత గట్టిగనే అన్న, అత్త వినేటట్టు. ఊర్ల గూడ ఇంకేదో అనుకున్నరు. కోడలు తరిమిందని ఒకరు, తోట ప్లాట్లు చేయనియ్యనని ముసలాయన మొండికేసిండని ఇంకొకరు. గానీ మామ తోటల ఉంటె పంచాయితీలు గూడ తోటకే పోయినయి. మామ లేని ఇంటికి పెద్దమనుషులు ఎందుకొస్తరు? సాయబాన్ ఖాళీ అయింది. చెప్పుల చప్పుడు లేదు, దగ్గు లేదు. నా కాలు పొద్దుగాల మెత్తల మీద పెడితె పొద్దుమూకే దాకా మెత్తల మీదనే ఉంటుండె. ఆ రెంటికి లంకె ఉన్నదని నాకు తట్టనే లేదు, నేను కోపంల బిజీగ ఉన్న.

వానలు గట్టిగ పడ్డయి. మోటరు కొట్టం రేకులు కురుస్తయి. మామకు నిజంగనే జలుబు చేసింది, జ్వరమొచ్చింది. అత్త కషాయం కాచి డబ్బాల పోసుకొని పోతుంది, వస్తుంది. మా ఇంటాయన పోయి బతిమాలిండు. రాను అన్నడట. ముసలోనికి గింత పట్టుదల ఎందుకని నేను మొదలుపెట్టంగనే, అత్త డబ్బా కింద పెట్టింది. నా అత్త నా మీద గొంతు లేపింది చాలా తక్కువ. ఆ దినం లేపింది.

"పట్టుదల కాదే పిల్లా, నీ కాలే. నేను గూడ రమ్మని ఏడిస్తి. 'నేను కడప తొక్కితె ఆ పిల్ల పాదం తొక్కినట్టే, ఆమె నడిచినంక వస్త' అన్నడు. నీకు చెప్పొద్దన్నడు. చెప్తె మల్ల లేచి తోటకు ఉరుకుతవంట."

నేను మెత్తల మీదున్న నా కాలు దిక్కు చూసిన.  ఏడుపొచ్చింది, దాచుకోలే. ఎక్స్‌రే చూసి నమ్మని ఇంట్ల, బహానా అన్నోళ్ల నడుమ, ఒక్క మాట మాట్లాడని మనిషి నా గోరంత గుజ్జు కోసం వానల తడుస్తున్నడు. అత్త నా పక్కనే మంచం మీద కూసున్నది. నిజంగనే దగ్గుతున్నడా అని అడిగిన. నీ మామ దగ్గు నాకు తెల్వదా, ఈసారి అందుల మర్యాద లేదు, జ్వరమే ఉంది అన్నది. ఇద్దరం ఏడుస్తనే నవ్వినం.

ఆ దినం నుంచి నాకు ఒకటే రంధి. ఈ కాలు పట్టాలె. పట్టకపోతె నా తోట పోతదని మొదలు భయపడ్డ, ఇప్పుడు ఇంకోటి కలిసింది, ఆయన తడిసిందంత ఉత్తగ పోతది. డాక్టర్ చెప్పినట్టు పాదం గాలిల పెట్టి, కుట్టుమిషన్ తొక్కినట్టు పైకీ కిందికీ ఆడిస్తుంటి. లోపల పేరుకుంటుందో లేదో కనపడదు. కుండ మూత తీసి చూడొద్దంటరు కద, చూడకుండ ఉండుడే కష్టం. మామ జ్వరం తగ్గింది. తగ్గినా రాలే.

దసరా దాటింది. ద్రాక్షకు కత్తిరింపు టైమయ్యింది, చుట్టుపక్కల ఉన్న నాలుగు తోటలల్ల తుత్తం సున్నం మందు వాసనొస్తుంది. మేం పట్నం పోయినం. డాక్టర్ గిలకను ఒత్తి చూసిండు, తిప్పి చూసిండు, వాపు లేదు. కిందికి దిగి చంకకర్రల మీద సగం బరువే ఏసి, ఒక్క అడుగు పెట్టుమన్నడు.  ఇన్నేండ్లు అడుగేసినప్పుడల్ల లోపల పొడిచిన పోటు కోసం ఎదురుచూసిన. రాలే. ఇంకో అడుగు ఏసిన. జర బిగుసుకుపోయినట్టుంది, కండ బలం లేదు, గానీ పోటు లేదు. పట్టిందమ్మా అన్నడు డాక్టర్. మెల్లగ కర్రలు ఇడవాలె, తొందర పడొద్దు, తోటల నడిచేటందుకు ఇంకా నెలలు పడ్తయి అని చెప్పిండు. నేను పట్టింది అన్న మాట కాడనే ఆగిపోయిన.

ఇంటికి పోదామంటె నేను వినలే. జీపు తోట లోపటి దాకా, మోటరు కొట్టం కాడికి పోనియ్యుమన్న. మా ఇంటాయన నన్ను దింపి, కర్రలు చేతికిచ్చి, నేను గూడ రావాల్నా అన్నడు. వద్దన్న.

కొట్టం ముందు సాపు చేసిన గట్టి నేల. మామ పందిరి కింద నులకమంచం మీద నాకు వీపు చేసి కూసోని, కత్తెరకు నూనె పెడ్తున్నడు. ఏమని పిలవాలె? ఎన్నడూ పిలవలే. మామా అని నోట్ల నుంచి రాలే. ఆయన నేర్పిన పద్ధతే గుర్తుకొచ్చింది. కడీ అవతల నిలబడి, ఒకసారి దగ్గిన.

మామ తిరిగి చూసిండు. నన్ను చూసిండు, కర్రలు చూసిండు, నేల మీద ఆనిన నా పాదం చూసిండు. చేతిల కత్తెర మంచం మీద పెట్టిండు. భుజమ్మీద తువ్వాల సదురుకున్నడు. లేచి నిలబడ్డడు.

నా కండ్ల ముందు ఊరి పెద్దమనిషి నాకు లేచి నిలబడ్డడు.  కూసోండ్రి అనేటంత ధైర్యం నాకెక్కడిది? ఆయనే మంచం ముందటికెల్లి పక్కకు జరిగి, అత్త లేదు, మధ్యల ఎవరు లేరు, నా మొఖం చూసి అన్నడు.

"కూసో బిడ్డా. నువ్వు చాలా నిలబడ్డవు."

కూసున్న. కాలు పూర్తిగ మడతపడదు, చాపితె ఆయన దిక్కే వస్తది. నేను అటు తిప్పుకుంటుంటె, మామ పక్కనున్న ఖాళీ ద్రాక్ష ట్రే తెచ్చి బోర్లేసి, వంగి నా మడిమ కింద పెట్టిండు. తువ్వాల మడిచి దాని మీద ఏసిండు. నా పాదం ఆయన ఎదురుంగనే ఉంది. నేను దించలే.

మామ కత్తెర తీసుకొని పందిరి కింద నిలబడ్డడు. మా నెత్తి మీద ఎండకాలం నుంచి పెరిగిన కొమ్మలు, పసుపు పడ్డ ఆకులు. ఒక కొమ్మ పట్టుకొని, దీన్ని ఎక్కడ కొట్టాలె అని అడిగిండు. ఆయనకు తెల్వక కాదు. చిగురు లేచే కన్ను ఇంకోటి ఇడిచి కొట్టుండ్రి మామా అన్న. కొట్టిండు. ఇంకో కొమ్మ పట్టుకున్నడు, మల్ల నా దిక్కు చూసిండు.

పొద్దు వాలే దాకా నేను కూసోని చెప్పిన. మామ నిలబడి విన్నడు.